మా జర్నలిజం క్లాసు పెట్టని విందు

అరవైల చివర్లో నేను విజయనగరంలో బి.ఏ. చదివాను. అందులో నా మెయిన్ సబ్జెక్టు జర్నలిజం. మా కాలేజీలో ఆ సబ్జెక్టు కొత్తగా పెట్టారు, మూడేళ్లు నడిపి చేరేవాళ్లు లేక ఎత్తేశారు. ఆ మూడేళ్లకీ సరిగ్గా అడ్డం పడ్డవాళ్లం మేం ఆరుగురం. నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలం.

మాది పొందూరు దగ్గర చిన్న ఊరు. నాన్నది వ్యవసాయం. నన్ను టీచర్ని చేయాలని ఆయన కోరిక. సెలవుల్లో ఇంటికి వెళ్లి నేను ఏ సబ్జెక్టు తీసుకున్నానో చెప్పాను. ఆయన పశువులకి కుడితి కలుపుతూ విన్నారు.

"అది సదివితే ఏటి సేస్తావు?" అన్నారు.

"పేపరు రాస్తాను నాన్నా."

"పరీచ్చ పేపరు అందరూ రాస్తారు కదేటి. తర్వాతేటి సేస్తావు?"

వార్తల పేపరని అర్థమయ్యేలా చెప్పేసరికి కుడితి చల్లారిపోయింది. ఆయన బాల్చీ ఎత్తుకుని పశువుల దగ్గరికి వెళ్లారు. మా మామ్మ మాత్రం, ఊళ్లో వాళ్ల సంగతులు పోగేసి నలుగురికీ చెప్పడానికి కాలేజీకి వెళ్లడం దేనికి, నా దగ్గర కూచుంటే సరిపోదా అంది. ఆమె అన్నది ఉత్త మాట కాదు. మా అరుగు ముందు నుంచి ఎవరు వెళ్లినా, ఎవులు, ఏటి, ఎక్కడికి, ఎప్పుడొచ్చినావు, ఎందుకొచ్చినావు అని ఊపిరి తీసుకోకుండా అడిగేది. తర్వాత క్లాసులో మాస్టారు బోర్డు మీద వార్త రాయడానికి ఐదు ప్రశ్నలని రాస్తే, మా మామ్మ గొంతే నాకు వినబడి, ఆపుకోలేనంత నవ్వొచ్చింది. బయట నిలబెట్టారు.

ఆ మాస్టారు మద్రాసులో ఒక దినపత్రికలో పదేళ్లు పనిచేసి, ఆరోగ్యం పాడై సొంతూరు చేరినాయన. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల ఖద్దరులో ఉండేవారు. మాకు పుస్తకాలు లేవు. పాతపత్రికల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పడేసి, ఇదే మీ సిలబస్ అన్నారు. మమ్మల్ని బజారుకి తోలి, గంటలో వార్తతో రమ్మనేవారు. నేను మొదటిసారి తెచ్చిన వార్త, గంటస్తంభం దగ్గర ఎండ ఎక్కువగా ఉంది అని. ఎండని అడిగి వచ్చావా అమ్మాయ్ అన్నారాయన.

నేను మా మావయ్య ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. క్లాసులో రెండో ఆడపిల్ల, నా స్నేహితురాలు, రోజూ నెల్లిమర్ల నుంచి రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న అక్కడ జూటు మిల్లులో పని. ఆ పిల్లకి మిల్లు సైరన్ ప్రకారమే ఆకలీ నిద్రా అన్నీ. ఆదివారం కూడా సైరన్ టైముకి ఉలిక్కిపడి లేస్తానని చెప్పేది. మేమిద్దరం రోడ్డు మీద నోటుపుస్తకాలు పట్టుకుని నడుస్తుంటే, ఓణీలేసుకుని జనాభా లెక్కలకి వచ్చారనుకుని, మా ఇంట్లో ఏడుగురమమ్మా అని పిలిచి మరీ చెప్పినవాళ్లున్నారు. అది కూడా రాసుకున్నాం. ఆ రోజుల్లో మాకు కనబడిందల్లా వార్తే. ఎవరైనా తుమ్మితే ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుతూ చచ్చేవాళ్లం.

రెండో ఏడాది మాస్టారు ఒక రోజు వచ్చి, గోడ మీద అంటించే చేతిరాత పత్రికలు చాలు, ఈసారి అచ్చు పత్రిక వేస్తున్నాం అన్నారు. నాలుగు పేజీలు. రెండు వందల కాపీలు. మార్కులన్నీ దానికే. ఆ మాట విని మేం ఆరుగురం ఆ రోజు మిగతా క్లాసులకి ఉన్నాం గానీ, ఏ క్లాసులో ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు.

ప్రెస్సంటే పెద్ద ప్రెస్సు కాదు. బజారులో ఒక సందులో పెళ్లి శుభలేఖలు అచ్చేసే చిన్న గది. కాలితో తొక్కే అచ్చు యంత్రం ఒకటి, గోడ పొడుగునా సీసపు అక్షరాలున్న గళ్ల పెట్టెలు, అరవై దాటిన కంపోజిటరు ఒకాయన. ఆయన్ని మేం తాతా అనేవాళ్లం. కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, పెట్టె వైపు చూడకుండానే అక్షరాలు ఏరి వరసలో పేర్చేవాడు. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. ఆయన వాటిని మనం మామూలు పుస్తకం చదివినట్టు చదివేవాడు. నేను రెండు రోజులు ఆయన భుజం మీంచి తొంగి చూసి, నాకూ చదవడం వచ్చేసిందని అందరికీ చెప్పుకున్నాను.

అక్షరాలు పేర్చడం ఒక గురువారం పొద్దున మొదలైంది. నేను రాసింది పొందూరులో నూలు వడికే మా దూరపు బంధువు గురించి. ఆమె వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వేది. ఆ పళ్లు ఎంత సన్నమో, పత్తి ఎంత తెల్లగా వస్తుందో, ఆమె పాట పాడుతూ ఎలా వడుకుతుందో చేతిరాతలో మూడు పేజీలు రాశాను. నా స్నేహితురాలు జూటు మిల్లులో గోనెసంచులు కుట్టే ఆడవాళ్ల గురించి రాసింది. తాత మధ్యాహ్నం దాకా పేర్చి, ఉన్నట్టుండి చేతులు దులుపుకున్నాడు.

"క వత్తు అయిపోనాది," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. ఆయన గడి చూపించాడు. ఖాళీ. పెళ్లి శుభలేఖల ప్రెస్సు కదా, శ్రీలు, చిరంజీవి సౌభాగ్యవతులు గంపెడున్నాయి, క కింద రాసే క వత్తులు మాత్రం మా వ్యాసాలకి సరిపడా లేవు. ఇంక ఏ మాటలోనూ ఆ వత్తు రాకుండా మార్చి రాసుకోమన్నాడు.

ఆ రెండు గంటలు నా చదువు మొత్తంలోకీ ఆనందమైన రెండు గంటలు. ఆరుగురం నేల మీద కూచుని మాటలు మార్చడం మొదలెట్టాం. ఒక్క అన్న చోట ఒకే. ఎక్కువ అన్న చోట జాస్తి. చెక్కపెట్టె కర్రపెట్టె అయింది. మా బంధువు ముక్కుపుడక పెట్టుకునేది, దానికి మారు మాట దొరక్క ఆమె ముక్కుపుడక తీసేశాను, పాపం. ఎక్కడ అన్నది మాత్రం కుదరక తాతనే అడిగాం.

"ఏ ఊల్లో అని రాయండమ్మా. ఊరు పేరు తెలిస్తే అదే రాయండి, ఇంకా మేలు," అన్నాడాయన.

మాస్టారు అప్పుడే వచ్చి విన్నారు. నేను ఏడాదిన్నర నుంచి చెబుతున్నది ఇదే, ఈయన ఒక ముక్కలో చెప్పాడు అన్నారు. ఆ 'ముక్క'లో కూడా క వత్తుందని మేం మళ్లీ పడి పడి నవ్వాం.

శనివారం పొద్దున మాస్టారు ప్రూఫులన్నీ దిద్దారు. నా వ్యాసం చివర రెండు లైన్లు, పాట గురించి రాసినవి, అక్కర్లేదని కొట్టేశారు. నాకు అవే ప్రాణం. మొదటి పేజీ అడుగున ఒక వార్త ఉంది. పై వారం ఆదివారం పొద్దున పదిన్నరకి మా కాలేజీ లైబ్రరీలో కొత్త చదువుల గదిని ప్రిన్సిపాల్ గారు ప్రారంభిస్తారనీ, అందరూ రావాలనీ. ఆ వార్త కింద రెండు లైన్ల ఖాళీ మిగిలింది. అందులో ఏదో పువ్వుబొమ్మ పెట్టెయ్యమని తాతకి చెప్పి మాస్టారు వెళ్లిపోయారు. తాత భోజనానికి వెళ్లాడు.

ఖాళీ రెండు లైన్లు. కొట్టేసిన నా లైన్లు రెండు. నాకు ఇంకేమీ కనబడలేదు. తాత తీసేసిన లైన్లు పక్కన ఒక ఇనప పళ్లెంలో ఉన్నాయి. వాటి పక్కనే ఇంకా ఏవేవో లైన్లు పేర్చి ఉన్నాయి. నా స్నేహితురాలు వద్దని రెండుసార్లు అంది. తిరగేసి చదవడం నాకొచ్చు కదా అన్నాను. తాత చేసినట్టే రెండు బొటనవేళ్లతో ఒత్తిపట్టి రెండు లైన్లు ఎత్తి, మొదటి పేజీ అడుగున అమర్చేశాను. పైవార్తకీ వీటికీ మధ్య గీత పెట్టాలన్నది కూడా తోచలేదు. లైన్ల పొడుగు అచ్చంగా సరిపోయింది. తాత వచ్చి, మాస్టారే ఏదో పెట్టించి ఉంటారనుకుని, పేజీ బిగించేశాడు.

కాపీలు ఒక్కొక్కటే యంత్రంలోంచి వస్తుంటే మేం చేసిన గోల చెప్పలేను. తడి సిరా వాసన. చేతులన్నీ నలుపు. మాలో ఒక పిల్లాడు తన పేరు అచ్చులో చూసుకుని, చెరగదు కదా అని తాతని అడిగాడు. ఆరుగురం ఆరు కాపీలు పట్టుకుని మెట్ల మీద కూచుని చదివాం. ఎవరు రాసింది వాళ్లం చదువుకున్నాం. నేను నా వ్యాసం పదిసార్లు చదివాను. మొదటి పేజీ అడుగున నా రెండు లైన్లు ఉన్నాయన్న సంగతి తెలుసు కాబట్టి వాటిని చూడాలనే అనిపించలేదు. లైబ్రరీ వార్త చివరిదాకా మాలో ఒక్కరూ చదవలేదు.

ఆ సాయంత్రమే కాపీలు పంచేశాం. గంటస్తంభం చుట్టూ కొట్లలో ఇచ్చాం, స్టేషన్లో ఇచ్చాం. నా స్నేహితురాలు ఒక కట్ట మిల్లు గేటు దగ్గర పంచింది. నేను మావయ్యకిచ్చి, ఇంకోటి పొందూరు వెళ్లేవాళ్లెవరి చేతో నాన్నకి పంపాను. మాస్టారికి మర్నాటి నుంచీ జ్వరం. వారం రోజులు రాలేదు.

ఆ ఆదివారం మేం పెన్నులు, నోటుపుస్తకాలతో తొమ్మిదిన్నరకే కాలేజీకి చేరాం. కార్యక్రమానికి ముప్పైమంది వస్తే గొప్పని ముప్పై కుర్చీలేశారు. పది దాటేసరికి రిక్షాలు రావడం మొదలైంది. ఒక బడిపంతులు గారు, భార్య, పట్టుపరికిణీల్లో నలుగురు ఆడపిల్లలు. తర్వాత మిల్లు కార్మికులు, ఇస్త్రీ చొక్కాల్లో, భార్యాబిడ్డలతో. తర్వాత గంటస్తంభం దగ్గరి కిరాణా కొట్టాయన, వాళ్ల అమ్మగారు, ఆవిడ చేతిలో చంకబిడ్డ. మావయ్యా అత్తయ్యా వచ్చారు. ఇంటి దగ్గర పొద్దున్న పొయ్యి కూడా వెలిగించకుండా అత్తయ్య ఎందుకు కూచుందో నాకప్పటికింకా తెలీదు.

ప్రిన్సిపాల్ గారు వరండాలోంచి ఆ జనాన్ని చూసి కదిలిపోయారు. మన ఊళ్లో చదువు మీద ఇంత మక్కువ ఉందని నాకు తెలీదు అని, తెచ్చుకున్న చిన్న కాగితం జేబులో పెట్టేసి, మైకు ముందు నిలబడి గ్రంథాల మహిమ మీద మాట్లాడటం మొదలెట్టారు. మేం ఆ మాటలన్నీ రాసుకుంటున్నాం. పత్రిక శక్తి ఇదన్నమాట అని మా వెన్ను జివ్వుమంటోంది. నా స్నేహితురాలు నా చేయి గిల్లింది, నేను తన చేయి గిల్లాను.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర నాన్న కనబడ్డారు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు, రెండు చేతుల్లో రెండు గుమ్మడికాయలు. వెనకాల మామ్మ. మామ్మ అప్పటిదాకా రైలెక్కలేదు. నేను పరిగెత్తాను.

"ఉత్త సేతుల్తో బోజనానికి ఎలాగొస్తామే," అన్నారు నాన్న. "అందుకని ఇవి."

ఏ భోజనం అన్నాను. ఆయన మడతపెట్టిన మా పత్రిక జేబులోంచి తీశారు. ఊళ్లో ఎవరిచేతో నాలుగుసార్లు చదివించుకున్నారట. మొదటి పేజీ అడుగు భాగం చూపించారు. లైబ్రరీ వార్త, అందరూ రావాలి అన్నది, దాని కింద వెంటనే, ఎడం లేకుండా, ఇలా ఉంది: సకుటుంబముగా విచ్చేసి, అనంతరము జరుగు విందు స్వీకరించి, మమ్మానందింపజేయ ప్రార్థన.

పాట గురించి నా లైన్లు కావవి. ఏ పెళ్లి శుభలేఖలోవో. పైన మైకులో ప్రిన్సిపాల్ గారు ఇంకా మాట్లాడుతున్నారు. జనం గాలి పీలుస్తూ వంటశాల ఎటు ఉందా అని చూస్తున్నారు. చంకబిడ్డ ఏడుపు అందుకుంది. లెక్కపెట్టలేనంతమంది. వాళ్లందరూ నేను పెట్టిన రెండు లైన్లు నమ్మి వచ్చారు.

మాస్టారు అప్పుడే, జ్వరం తగ్గి, శాలువా కప్పుకుని గేట్లోకి వచ్చారు. నేను పత్రిక చూపించి, తప్పు నాదేనని, ఎలా జరిగిందో చెప్పాను. అరుస్తారనుకున్నాను. ఆయన చదివి, పెదవులు బిగించారు. కోపం కాదు, నవ్వు ఆపుకుంటున్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని అన్నారు.

"తప్పు వార్త వేసినవాళ్లే సవరణ వెయ్యాలి. మళ్లీ అచ్చు వేసేదాకా వీళ్లు ఆకలితో ఉండలేరు. వెళ్లి మైకులో చెప్పు."

"మీరు చెప్పండి మాస్టారూ."

"నేను రాయలేదు కదమ్మా."

ప్రిన్సిపాల్ గారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాస్టారు ఆయన చెవిలో ఏదో చెప్పి నన్ను ముందుకి తోశారు. అంతమంది ముందు నేనెప్పుడూ నిలబడలేదు. అయినా ఎక్కడో లోపల ఒక పిచ్చి సంతోషం కూడా ఉంది, అందరూ నా వైపే చూస్తున్నారని. పత్రికలో చివరి రెండు లైన్లు పొరపాటున పడ్డాయని, అవి ఎవరిదో శుభలేఖలోవని, అక్కడ పెట్టింది నేనని, భోజనం లేదని, క్షమించమని చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది.

అప్పుడు మా మామ్మ గొంతు వెనకాల నుంచి వచ్చింది.

"మరి పెల్లి ఎవుల్ది? ఎప్పుడు?"

ముందు మిల్లు కార్మికులు నవ్వారు. తర్వాత బడిపంతులు గారు. ఆ తర్వాత నవ్వనిది ప్రిన్సిపాల్ గారొక్కరే, ఆయన కూడా కాసేపటికి కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఎవరూ ఇంటికి వెళ్లలేదు. హాస్టలు వంటవాడు ముందు నావల్ల కాదన్నాడు. మామ్మ కొంగు దోపుకుని నేరుగా అతని వంటింట్లోకి వెళ్లి, కత్తిపీట ఎక్కడుందని అడిగింది. ఆమె వెనకాల మిల్లు ఆడవాళ్లు, అత్తయ్య, కిరాణా కొట్టాయన తల్లి. కొట్టాయన కొట్టు తెరిచి ఉప్మారవ్వ బస్తా పంపించారు. నాన్న గుమ్మడికాయలు పులుసులోకి వెళ్లాయి. మగపిల్లలు నీళ్లు మోశారు, ప్రిన్సిపాల్ గారు ఆకులు తుడిచారు. కొత్త చదువుల గది ఎండ లేకుండా చల్లగా ఉందని అందులోనే బంతులు వేసి వడ్డించాం. ఆ గదిని ప్రారంభించడం మాత్రం అందరూ మరిచిపోయారు. రిబ్బను కట్ చేయకుండా దాని కింద నుంచి వంగి వెళ్లి తిన్నాం.

సాయంత్రం ప్యాసింజరుకి నాన్ననీ మామ్మనీ స్టేషన్లో దింపాను. రైలు కనబడ్డాక నాన్న అడిగారు.

"అంతమందిలో తప్పు నాదే అని సెప్పడం, ఆ కాలేజీలోనే నేర్పుతారా?"

"ఈ రోజే నేర్పారు నాన్నా," అన్నాను.

ఆయన తలూపి, మామ్మని పెట్టెలోకి ఎక్కించారు. ఆ తర్వాత ఆయన నా ముందు టీచరు ఉద్యోగం మాట ఎత్తలేదు.

సోమవారం ప్రెస్సుకి వెళ్లి తాతకి చెప్పాను. ఆయన ఆ రెండు లైన్ల కోసం గదంతా వెతికాడట. ఎలక ఎత్తుకుపోయిందేమో అనుకుని, మళ్లీ కొత్తగా పేర్చి శుభలేఖలు అచ్చేసి ఇచ్చేశాడట. సీసాన్ని ఎలకేటి సేసుకుంటాదని నాకప్పుడే అనుమానం వొచ్చినాది అన్నాడు, అంతే. రెండో సంచికలో నేను రాసిన సవరణ మూడు లైన్లు వచ్చింది. దాన్ని ఆయనే దగ్గరుండి పేర్చాడు, నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత నాకు జరిగిన మేలు నేను ఊహించనిది. అప్పటిదాకా వార్త కోసమని తెలిస్తే జనం మొహం తిప్పుకునేవారు. ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా, బోజనం నేదని సెప్పినమ్మాయి వచ్చింది అని పిలిచి కూచోబెట్టేవారు. వాళ్లకి తెలిసినవన్నీ చెప్పేవారు. నిజమో కాదో తేల్చుకోమని కూడా వాళ్లే చెప్పేవారు.

ఒకసారి నెల్లిమర్లలో నా స్నేహితురాలితో మిల్లు గేటు ముందు నుంచి వెళ్తుంటే, బెల్లం జీళ్లు అమ్మే ముసలమ్మ ఒకామె నన్ను పోల్చుకుని, చేయి పట్టుకుని బల్ల మీద కూచోబెట్టింది. చేతిలో ఒక జీడి పెట్టింది. ఆ వేళ ఏదైనా వార్త ఉందా మామ్మా అని అడిగాను.

"ఉన్నాది," అందామె. "ముందు తిను. అప్పుడు సెప్తాను."